దొంగ అంగీ

రాత్రి రెండున్నర.
కాజీపేట దిక్కు గూడ్సు బండి ఒకటి
ఎంతకీ తెగని చప్పుడుతో పోతోంది.
యూనివర్సిటీ యానిమల్ హౌస్‌లో
మినుకుమనే ట్యూబులైటు కింద
నేనూ రాజమొగిలీ ఎలుకల్ని లెక్కపెడుతున్నాం.

ఇరవై నాలుగు ఎలుకలు, ఆరు డబ్బాలు.
మూడింటికి పసుపు చీటీ, మూడింటికి నీలం.
ఒక రంగువాటిలో ఆ ఎంజైము ఉంది,
ఇంకో రంగువాటిలో దాని జన్యువునే పుట్టుకకు ముందే పీకేశారు.
ఏవి ఏవో నాకు తెలియకూడదు.
తెలిసిన చెయ్యి తనకు తెలియకుండానే అబద్ధం రాస్తుందని
మా గైడు సార్ నమ్మకం.

పొద్దున ఎనిమిదింటికి అన్నిటికీ ఒకే సూది.
సూక్ష్మజీవి కాదు,
అది చచ్చినాక మిగిలిన గోడ పెచ్చు,
ఉప్పునీళ్లలో కరిగించి, కంటికి ఆనని పాటి.
"అంటే దొంగ లేడు,
దొంగ అంగీ ఒక్కటే ఉన్నదన్నట్టు"
అన్నాడు రాజమొగిలి, సిరంజీలు డబ్బాలో వేస్తూ.
నా థీసిస్‌లో అది ముప్పై రెండు పేజీలు.

అంగీ చాలు.
కణం లోపల కావలి పడుకున్న ఎంజైము
దాని వాసన తగిలి లేస్తుంది.
ఎదురుగా ఉన్న ప్రొటీనును నడిమికి కోస్తుంది.
కోసిన ముక్కలు పోయి పొరకు బెజ్జాలు పొడుస్తాయి.
నీళ్లు చొరబడి కణం ఉబ్బి పగులుతుంది,
పగిలిన అరుపుకి పక్క కణం, దాని అరుపుకి వాడంతా.
ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టు
అంటారు గదా,
ఇక్కడ ఎలుకే ఇల్లు.

పసుపు డబ్బాల్లో బొచ్చు నిక్కబొడుచుకుంది.
మూలకు ముద్దగా చేరాయి, కళ్లు సగం మూసి.
జ్వరం రాదు వీటికి. చల్లబడతాయి.
వేలితో తడితే ఒకటి కదిలింది,
రెండోది కదిలినట్టు అనిపించింది, రాసుకోలేదు.

రాజమొగిలి అంగీకి ఎప్పుడూ మిర్చి ఘాటే.
భార్య ఎనుమాముల యార్డులో తాలుకాయ ఏరుతుంది.
నాకు తుమ్ములు ఆగవు, ముక్కూ కళ్లూ ధార.
"మిరపకాయ నిన్నేం జేసింది మేడం,
నీ ముక్కే నిన్ను సతాయిస్తున్నది."

మూడేళ్ల కింద మా చిన్నమ్మ సంపూర్ణ
పత్తిమోడు గుచ్చుకున్న మడిమెతో
పరకాల నుంచి ఎంజీఎంకి వచ్చింది.
అయిదో రోజు డాక్టరు కాగితం చూపించాడు:
రక్తంలో సూక్ష్మజీవి లేదు, మందు పనిచేసింది.
ఆరో రోజు పొద్దున మంచం ఖాళీ.
సూక్ష్మజీవి చచ్చిపోయాక
మనిషిని ఎవరు చంపారని అడగడానికి
అప్పుడు నాకు మాట తెలియదు.
ఇప్పుడు మాట ఉంది.
సాక్ష్యమైతే ఎలుకలదే.

తెల్లారేసరికి పసుపువాటిలో పదకొండు పోయాయి.
పన్నెండోది ఎందుకు బతికిందో ఏ పుస్తకమూ చెప్పదు.
నీలం డబ్బాల్లో గింజలు కొరికే చప్పుడు,
నీళ్ల సీసా నాలుకకి తగిలి టిక్కు టిక్కుమనడం.
సార్ వచ్చి కవరు చింపారు.
అనుకున్నదే. ఎంజైము లేనివే నీలం.

"ఐతే ఆ కావలోన్ని తీసేస్తే అయిపాయె గద?"
అన్నాడు రాజమొగిలి.
మరి నిజం దొంగ వచ్చిన రాత్రి?
అననైతే అనలేదు. గ్లవ్సు విప్పుతూ ఉండిపోయాను,
చెమటకి వేళ్లు తెల్లగా నాని ఉన్నాయి.

ఏడో రోజు బతికినవాటి వంతు.
కాలేయం కావాలి, ప్లీహం కావాలి,
ఎందుకు బతికాయో లోపల చూడాలి కదా.
ముందు రోజు సాయంత్రం రాజమొగిలి
నీలం డబ్బా మూత మీద చెయ్యి ఆనించి
"ఇవి గెలిచినయి గద మేడం" అన్నాడు.

తెల్లారి రాలేదు.
సెలవు చీటీ ఎవరితోనో పంపాడు.
కారణం: ఒంట్లో మంచిగ లేదు.
కింద సంతకం నేనే పెట్టి
కత్తెర కోసం సొరుగు తెరిచాను.